జొన్న మెడలో గరాటు

ఇది ఇంతకు ముందే రాయాల్సింది. మార్తక్క రోజూ అడుగుతూనే ఉంది. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే అయింది, ఒక పేజీ నింపడానికి ఒక పూట పడుతుంది, అందుకే ఆలస్యమని ఆమెకు చెప్పాను. అది నిజమే, కానీ అసలు సంగతి వేరే. ఈ నోటుబుక్కులో మొదటి ఆరు పేజీలు నేనే రాశాను. జొన్న ఏ పూట ఎన్ని చెంచాల నీళ్లు తాగింది, మందు మింగిందా కక్కిందా, అన్నీ ఉన్నాయి. ఏడో రోజు దగ్గరికి వచ్చేసరికి పేజీ ఖాళీ. ఆ తర్వాత పది రోజులు ఏమీ లేదు. ఏడో రోజు గురించి రాయాలంటే 'నేను' అని మొదలుపెట్టాలి. ఆ మాట రాసి, కొట్టేసి, పుస్తకం మూసేదాన్ని.

జొన్న మా పిల్లి. ఎండిన జొన్న కంకి రంగు. నేను అబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌కు చీరల ఫాల్స్ కుడతాను. ఆ కొట్టు వెనక అట్టపెట్టెల మధ్య పుట్టింది. తల్లి ఏ బండి కింద పడిందో, రెండు రోజులు రాలేదు. మూడో రోజు దాన్ని లైనింగ్ గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని, నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీ దాకా నడిచి తెచ్చుకున్నాను. ఆరేళ్లయింది. మా ఆయన మల్లయ్య ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసి నడుం పోగొట్టుకుని, ఇప్పుడు ఒక కాంప్లెక్సులో లిఫ్టు దగ్గర కూర్చుంటాడు. మాకు ఒక్కటే కాన్పు. బిడ్డ దక్కలేదు.

మార్తక్క మా పక్కింటామె. మెదక్ వైపు నుంచి వచ్చింది, బడిలో ఆయాగా చేసి మానేసింది. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆమెనే. జొన్నకు ఏడాది నిండినప్పుడే ఆమె చెప్పింది. "సత్తెమ్మా, దీనికి పిల్లలు గాకుంట ఆపరేషన్ చేపియ్యి. లేకుంటే ముందు ముందు తిప్పలైతది." నేను ఒప్పుకోలేదు. "దాని కడుపు దానికి ఉండనియ్యక్కా" అన్నాను.

నేను అట్లా అనడానికి కారణం ఉంది. నా ముప్పయ్యో ఏట కడుపునొప్పి అని దవాఖానకు పోతే ఒక కాగితం మీద నా బొటనవేలు పెట్టించారు. నొప్పి తీసేస్తారనుకున్నాను. వారం తర్వాత ఇంటికి వచ్చాక మా అత్త చెప్పింది, గర్భసంచి తీసేశారని. ఆ కాగితంలో ఏముందో నాకు చదవ వచ్చి ఉంటే వేలు పెట్టేదాన్నో లేదో ఇప్పటికీ తెలియదు. కానీ జొన్నకు అట్లాంటిది చేయించకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. అది నా మొదటి తప్పు.

ఈ చలికాలంలో, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైన రోజుల్లో, జొన్న పొట్ట పెద్దదైంది. నేను సంబరపడ్డాను. బియ్యం డ్రమ్ము పక్కన అట్టపెట్టె పెట్టి, పాత చీర మడిచి పరిచాను. అది అన్నం మాని ఊరికే నీళ్లు తాగుతుంటే, కడుపుతో ఉన్నదానికి మామూలే అనుకున్నాను. పది రోజులు అట్లా చూస్తూ కూర్చున్నాను. పదకొండో రోజు అది లేవలేదు. ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. మార్తక్క వచ్చి, కింద పడిన మరక చూసి, "ఇది కాన్పు గాదే. లే, ఆటో పిలుస్త" అన్నది.

పశువుల దవాఖానలో కూర్చునే చోట రెండే బల్లలు. ఒక ముసలాయన మేకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మేక కాలికి కర్ర కట్టి ఉంది. ఒకామె పగ్ కుక్కను శాలువాలో చుట్టుకుని ఉంది. నా బుట్టలో చప్పుడు లేకపోవడం చూసి ఆ శాలువా విప్పి నా బుట్ట మీద కప్పింది. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట సరిగ్గా రాదు. కుక్క వణుకుతుంటే దానికి తన పైట చుట్టింది.

డాక్టరమ్మ చిన్న పిల్ల, నాకు కూతురుంటే ఆ వయసుంటుంది. పొట్ట నొక్కి చూసి చెప్పింది, "అమ్మా, పిల్లలు కాదు. గర్భసంచి నిండా చీము. ఆపరేషన్ చేపియ్యని పిల్లులకు ఇట్లయితది. ఇయ్యాలనే తీసెయ్యాలె. తీస్తే బతుకుతదని గ్యారంటీ లేదు. తియ్యకుంటే రెండు రోజులే." కాంపౌండర్ కాగితం తెచ్చాడు. అరవై దగ్గరపడిన మనిషి. "సంతకమా, వేలా అమ్మా?" అని అడిగాడు.

సంతకం అన్నాను. నాకు అక్షరాలు వచ్చాక బ్యాంకులో ఒకసారి, ఓటు దగ్గర ఒకసారి పెట్టాను. ఇది మూడోది. కాగితంలో ఉన్నదంతా కూడబలుక్కుని చదివాను. గర్భసంచి అన్న మాట దగ్గర ఆగాను. నన్ను ఎవరూ అడగలేదని ముప్పయ్యేళ్లు బాధపడ్డదాన్ని, జొన్నను అడగకుండా నా పేరు రాశాను. బుట్టలోంచి అది నన్నే చూస్తోంది. కాంపౌండర్ బుట్ట తీసుకుపోయాడు.

సాయంత్రం తిరిగి ఇచ్చినప్పుడు దాని మెడలో గరాటు ఉంది. తెల్లని గట్టి ప్లాస్టిక్. కుట్లు నాకకుండా పెట్టేది. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "పది రోజులు తియ్యొద్దు. తినేటప్పుడు గూడ వద్దు. పాపం అనిపిస్తది. అనిపించినా తియ్యొద్దు."

మా ఆయన తలుపు తీసి చూశాడు. "ఏందే ఇది, దీనికి ఎలచ్చన్ల మైకు కట్టుకొచ్చినవ్? ఓట్లు అడగనీకె పోతుందా?"

"నవ్వకయ్యా. సచ్చి బతికింది."

"నవ్వుతలేను తియ్యి" అన్నాడు. బుట్ట అందుకుని నేల మీద మెల్లగా దించాడు.

మొదటి రెండు రోజులు అది వెనక్కి నడిచింది. ఆ గరాటులోంచి బయటికి రావాలంటే వెనక్కి పోతే చాలనుకుందేమో. వెనక్కి పోయి పోయి గోడకు తగిలి, అక్కడే కూలబడేది. ముందుకు నడిస్తే గడపకు గరాటు తట్టుకుని తల విసురుగా పక్కకు తిరిగేది. నీళ్ల గిన్నెలో గరాటు అంచు ముందు పడేది, నీళ్లు ఒలికేవి, నాలుక అందేది కాదు. తన ఒళ్లు తాను నాకబోయి ప్లాస్టిక్‌ను నాకేది. గరగర, గరగరమని ఆ చప్పుడు. నేను ఫాల్స్ కుడుతూ చెవులు మూసుకోలేక, సూది పక్కన పెట్టి బయట గడప మీద కూర్చునేదాన్ని.

మూడో రోజుకు బియ్యం డ్రమ్ము వెనక దూరి బయటికి రావడం మానేసింది. తిండి లేదు. నోటుబుక్కులో ఆ రోజు 'మూడు చెంచాల నీళ్లు, అదీ ఒలికింది' అని ఉంది. సూదిమందుకు తీసుకుపోతే, పాత గరాటుకు కక్కిన మందు అంటుకుందని కాంపౌండర్ కొత్తది పెట్టి పాతది నాకే ఇచ్చాడు.

ఇంటికి వచ్చి దాన్ని కడిగాను. కడిగి, ఎందుకో, దాని పట్టీలు విప్పి నా ముఖం చుట్టూ పెట్టుకున్నాను. అప్పుడే మార్తక్క ఇంట్లో కుక్కరు కూసింది. అది నా చెవిలోనే కూసినట్టయింది. నుమాయిష్ మైకు, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేది, ఎప్పుడూ వినబడుతుంది కానీ మేము పట్టించుకోము. ఆ గరాటులో అది మా ఇంట్లో నిలబడి అరుస్తున్నట్టుంది. స్టేషన్‌లో బండి కదిలితే పళ్లు జిల్లుమన్నాయి. తల వంచితే నా చేతులు నాకు కనబడలేదు. మూడు రోజులుగా జొన్న దీంట్లో ఉంది. నేనేమో అది అలిగిందనుకుని బతిమాలుతున్నాను.

మా ఆయన పని నుంచి వచ్చి నన్ను అట్లా చూసి గడపలోనే ఆగిపోయాడు. "నీకు గూడ కుట్లేసిన్రా?" అన్నాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత కొన్ని పనులు చేశాను. ఎవరింట్లోనైనా ఇట్లాంటి అవసరం వస్తుందేమోనని రాస్తున్నాను. గల్లీ వైపు కిటికీకి రెండు దుప్పట్లు కట్టాను, చప్పుడు తగ్గింది. కుక్కరు మానేసి గిన్నెలో వండాను. వెడల్పు గిన్నె తీసేసి, గరాటు నోట్లోకి దూరేంత చిన్న మూత తీసుకుని, బోర్లించిన స్టీలు గ్లాసు మీద పెట్టాను. అప్పుడు అంచు నేలకు తగలకుండా నోరు అందింది. ఎండు రొయ్యలు వేయించి పొడి చేసి చికెన్ మీద చల్లాను. అది తాను గోక్కోలేని చోట, చెవుల వెనక, గడ్డం కింద, పాత దువ్వెనతో దువ్వాను. తిన్నాక గరాటు లోపల తడిగుడ్డతో తుడిచాను. ఐదో రోజు రెండు ముక్కలు తిన్నది. నోటుబుక్కులో 'రెండు' కింద గీత కూడా గీశాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆరో రోజు దాని మెడ చుట్టూ వెంట్రుకలు రాలి ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. తుడుస్తుంటే ఏడ్చింది. పిల్లి ఏడుపు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ముప్పయ్యేళ్లుగా గుడ్డతో బతుకుతున్నదాన్ని, ఈ ప్లాస్టిక్ ముక్క ఎందుకు అనుకున్నాను. మెరూన్ లైనింగు, కాలర్లకు వేసే బక్రం రెండు పొరలు తీసుకుని, కూర్చున్న చోటే గుడ్డ గరాటు కుట్టాను. మెడ చుట్టు కొలిచాను. వేలు దూరేంత వదులు పెట్టాను. ఒరుసుకోకుండా లోపల మెత్తని పట్టీ వేశాను, కట్టడానికి నాడా. జాకెట్టు కుట్టేవాళ్ల మధ్య ఒక మాట ఉంది, మెడ కుదిరితే జాకెట్టు కుదిరినట్టే అని. నేను మెడ కొలిచాను. ముక్కు దాకా ఎంత పొడుగుండాలో కొలవలేదు.

ప్లాస్టిక్‌ది తీసి అది కట్టాను. జొన్న ఒళ్లు దులుపుకుంది. గడప దాటింది. వచ్చి నా ఒళ్లో ఎక్కి, నా మణికట్టు నాకింది.

"గిదన్న నయం. మనిషి లెక్క ఉన్నది ఇప్పుడు" అన్నాడు మా ఆయన. "నీ చేతిల పనుంది సత్తెవ్వా."

ఆ సాయంత్రమంతా అది నా ఒళ్లోనే నిద్రపోయింది. నాకు కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. అంత సంతోషం నాకు ఈ మధ్య లేదు.

ఏడో రోజు పెళ్లి చీరలు ఇచ్చి రావాల్సి ఉండి కొట్టుకు పోయాను. మా ఆయనకు ఆ రోజు సెలవు. నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆయన తిని పడుకున్నాడు. జొన్న డ్రమ్ము పక్కన అట్టపెట్టెలో, నేను కాన్పు కోసం పరిచిన చీర మీద ఉంది. గుడ్డ గరాటు మెడలోనే ఉంది, నాడా ఊడలేదు. తల వంచి కుట్ల మీద పని చేసుకుంటోంది. కుట్లు మూడు లేవు. చీర నెత్తురుతో తడిసింది.

నేను పెట్టిన కేకకు ఆయన లేచాడు.

"నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గదయ్యా."

"ఉన్న. ఆ ప్లాస్టిక్‌ది ఉంటే నేను ఉన్నా లేకున్నా ఏం కాకపోవు."

ఆటోలో బుట్టను ఆయనే ఒళ్లో పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా తన నడుం సంగతి మరిచి బుట్టను పైకి ఎత్తి పట్టుకున్నాడు. నేను దాని మీద గుడ్డ ఒత్తి పట్టుకున్నాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆటో ఆగిపోతే, ముందున్న బండ్లన్నీ నా వల్లనే ఆగినట్టు అనిపించింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే తట్టుకునేదాన్ని. "ఎవరు తీసిన్రమ్మా?" అని అడిగింది.

"నేనే."

తల ఊపి లోపలికి పోతూ, "మల్ల మత్తు ఇయ్యాలె. ఈ ఒంట్ల అది తట్టుకుంటదో లేదో చెప్పలేను" అని మాత్రం అన్నది. మళ్లీ కాగితం. మళ్లీ నా పేరు. ఈసారి అక్షరాలు వంకర పోయాయి.

కాంపౌండర్ ఆ గుడ్డ గరాటును విప్పి తెచ్చి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు కుట్టిన్రు?"

"నేనే" అన్నాను మళ్లీ.

"పని మంచిగుందమ్మా. కుట్టు గింత గూడ లేవలేదు." తన నాలుగు వేళ్లు కలిపి దాని అంచు దగ్గర ఆనించి చూపించాడు. "ఇగో, గింత పొడుగు తక్కువైంది. ముక్కు దాటి ఇంకో రెండు వేళ్లు రావాలె."

ఆయన మంచికే చెప్పాడు. ఆ నాలుగు వేళ్లు నాకు ఇప్పటికీ కనబడతాయి.

జొన్న ఆ సాయంత్రం కూడా బతికే బయటికి వచ్చింది. మెడలో మళ్లీ ప్లాస్టిక్ గరాటు. ఆ తర్వాతి పది రోజులు నేను ఎట్లా గడిపానో సరిగ్గా చెప్పలేను. అది గోడ వైపు ముఖం పెట్టి పడుకునేది. నేను పిలిస్తే చెవి కూడా కదిలేది కాదు. నా చేతిలోంచి ముక్క తీసుకోలేదు, మా ఆయన చేతిలోంచి తీసుకుంది. మందు పోయడానికి నేను పట్టుకుంటే పెనుగులాడేది కాదు. బట్టల మూటలాగా ఊరికే ఉండిపోయేది. పెనుగులాడితే బాగుండునని నేను కోరుకునేదాన్ని. దువ్వెన పట్టుకుని దగ్గర కూర్చుంటే దాని ఒళ్లు బిగుసుకుపోయేది. దువ్వెన దాచేశాను.

ఒక మధ్యాహ్నం మళ్లీ ఒళ్లు కాలింది. కక్కింది. గరాటులో నురగ. తుడుస్తూ, జొన్న పోతే ఈ గరాటు కూడా పోతుంది కదా అనుకున్నాను. అట్లా అనుకున్నది నేనే. మా ఆయనకు చెప్పలేదు. మార్తక్కకూ చెప్పలేదు, ఇది చదివితేనే తెలుస్తుంది.

పని కూడా నడవలేదు. ఫాల్ వంకర పోయిందని కొట్టులో రెండు చీరలు వెనక్కిచ్చారు. నా చెయ్యి అట్లా ఎన్నడూ పోలేదు.

మార్తక్క వచ్చి నోటుబుక్కు తిప్పింది. ఖాళీ పేజీలు చూసింది. "ఏమైందే? పెన్ను అయిపోయిందా?"

"ఏం రాయాలక్కా. దాన్ని నేనే పాడు చేసిన అని రాయాల్నా?"

"ఔ. గదే రాయి."

"రాసి ఏం ఫాయిదా?"

"నీకు అక్షరాలు నేర్పింది బస్సు బోర్డులు సదవనీకేనా?" అన్నది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నేను గూడ ఆ రోజు నీ గుడ్డ గరాటు జూసి మంచిగుందన్న. కొలిచినవా అని అడగలేదు. నా పేరు గూడ రాయి అండ్ల" అన్నది. అందుకే రాశాను.

పదిహేడో రోజు కుట్లు విప్పారు. డాక్టరమ్మ గరాటు తీసి, గాయం మీద వేలు నడిపి, "ఇగ భయం లేదు" అన్నది. మా ఆయన దవాఖాన గుమ్మంలోనే ఆమెకు దండం పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. బల్ల మీద కూర్చుండిపోయాను. పగ్ కుక్క ఆమె ఆ రోజు లేదు. శాలువా ఉతికి తెచ్చాను, కాంపౌండర్‌కు ఇచ్చి వచ్చాను.

ఇంటికి వచ్చాక జొన్న నేల మధ్యలో కూర్చుని తన ఒళ్లు నాకడం మొదలుపెట్టింది. పదిహేడు రోజుల బాకీ. కాళ్లు, తోక, పక్కటెముకలు, వెంట్రుకలు గొరిగిన పొట్ట. పొద్దు గూకే దాకా ఆపలేదు. నేను దూరంగా గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. అంతా అయ్యాక లేచి వస్తుందనుకున్నాను. ఒళ్లో గుడ్డ కూడా పరుచుకున్నాను. అది లేచింది, నా వైపు ఒకసారి చూసింది, మా ఆయన పక్క నుంచి పోయి డ్రమ్ము వెనక దూరింది.

"వస్తదే. ఏడికి పోతది" అన్నాడు ఆయన.

బతికింది. అందరూ అదే చెప్పారు, బతికింది కదా అని. ఔ, బతికింది. దాని కడుపులోంచి ఏం తీశారో, ఎందుకు తీశారో, మెడకు అది ఎందుకు కట్టామో దానికి ఎవరూ చెప్పలేరు. నాకైతే మా అత్త చెప్పింది. దానికి తెలిసింది ఒక్కటే, నొప్పి వచ్చిన ప్రతిసారీ దాన్ని పట్టుకున్నది నా చేతులే.

మర్నాడు పొద్దున నేను దాన్ని పిలవలేదు. చికెన్ ఉడకబెట్టి మూతలో వేసి, అలవాటుగా గ్లాసు బోర్లించి దాని మీద పెట్టాను. తర్వాత గుర్తొచ్చి గ్లాసు తీసేసి, దాని పాత వెడల్పు గిన్నెలో వేసి నేల మీద పెట్టాను. గిన్నెకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ మెరూన్ గుడ్డ గరాటు తీసుకుని ఒక్కొక్క కుట్టే విప్పాను. కాంపౌండర్ చెప్పింది నిజమే, ఒక్క కుట్టు కూడా తేలిగ్గా రాలేదు. గుడ్డను పాత పేపరు మీద పరిచి చుట్టూ పెన్సిల్‌తో గీశాను. ఆ గీతకు పైన నాలుగు వేళ్లు ఆనించి ఇంకో గీత గీశాను. పై గీత వెంట కత్తిరించాను. ఆ పేపరు మీద రాశాను, 'మెడ ఒక్కటే కొలవకండి. ముక్కు దాటి రెండు వేళ్లు రావాలి. అంత రాకపోతే ప్లాస్టిక్‌ది తీయకండి.' కింద నా పేరు రాశాను. దవాఖానలో గోడకు అంటించమని కాంపౌండర్‌కు ఇవ్వాలి.

పేరులో చివరి అక్షరం రాస్తుంటే వెనక నేల మీద గిన్నె జరిగిన చప్పుడైంది. ఆగింది. మళ్లీ జరిగింది. నేను తిరిగి చూడలేదు.